పాయింట్ టూటూ పిస్టల్: ఆట కోసం పుట్టిన ఆయుధం

తూటాల్లో చాలావాటికి పుట్టినిల్లు యుద్ధరంగం. పాయింట్ టూటూ పిస్టల్ వాడే రిమ్‌ఫైర్ తూటా మాత్రం సరదా గురికోసమే పుట్టింది. 1845లో ఫ్రెంచి తుపాకుల నిపుణుడు లూయీ ఫ్లోబెర్ కొడితే పేలే చిన్న లోహపు టోపీ లాంటి పెర్కషన్ క్యాప్ మూతికి చిన్న సీసపు గుండు అమర్చాడు. అందులో మందు లేదు. క్యాప్‌లోని పేలుడు రసాయనమే గుండును నెట్టేది. యూరప్‌లో కలవారు ఇంటి హాల్లో లక్ష్యం పెట్టుకుని అలాంటి తుపాకులతో పోటీపడేవారు. ఈ రోజు గురి సాధనకు చిన్న పిస్టల్ కొనాలనుకునేవారు మొదట గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇదేనని నా నమ్మకం. ఈ తూటా దేనికి పుట్టిందో దానికే పిస్టల్‌ను ఎంచుకోవాలి. ఆత్మరక్షణకూ గురికీ ఒకటే పనికొస్తుందిలే అనుకుంటే రెండింటికీ చెడుతుంది.

దీన్ని ఆయుధంగా మార్చింది అమెరికా. 1857లో స్మిత్ అండ్ వెసన్ ఏడు తూటాల మోడల్ 1 రివాల్వర్ తెచ్చింది. గుల్ల అడుగు అంచును బోలుగా మడిచి అందులో పేలుడు రసాయనం నింపారు, గుల్లలో నల్లమందు పోశారు. హామర్ ఆ అంచును నలగ్గొడితే తూటా పేలుతుంది. ఆ రివాల్వర్‌లో వాడిన, గదులు ఆ చివర నుంచి ఈ చివర దాకా తొలిచిన సిలిండర్‌కు పేటెంటు రోలిన్ వైట్‌ది. 1869లో అది ముగిసేదాకా అమెరికాలో ఇతర కంపెనీలకు ఆ దారి మూసుకుపోయింది. స్మిత్ అండ్ వెసన్ నుంచి రివాల్వర్‌కు 25 సెంట్ల చొప్పున రాయల్టీ పొందిన వైట్, ఒప్పందం ప్రకారం పేటెంటును కాపాడుకునే కోర్టు ఖర్చులు తనే భరించాల్సి రావడంతో పెద్దగా బాగుపడలేదు. అమెరికా అంతర్యుద్ధంలో సైనికులు సొంత డబ్బుతో ఈ చిన్న రివాల్వర్లు కొనుక్కున్నారు.

రిమ్‌ఫైర్‌ను మళ్లీ గురి దగ్గరికి తీసుకొచ్చింది 1887లో స్టీవెన్స్ కంపెనీ పేరుతో వచ్చిన పాయింట్ టూటూ లాంగ్ రైఫిల్ తూటా. పేరులో రైఫిల్ ఉన్నా ఈనాటి గురి పిస్టళ్లలో దాదాపు అన్నీ వాడేది దీన్నే. గుండు 40 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాముల పైచిలుకు. పేలిస్తే చేతికి పెద్దగా కుదుపు తెలియదు. చప్పుడుకు ముందే కళ్లు మూసుకునే అలవాటు కొత్తవారికి అంటుకోదు.

ఈ తూటాకు తగ్గ ఆటోమేటిక్ పిస్టల్‌ను జాన్ బ్రౌనింగ్ రూపకల్పనతో కోల్ట్ 1915లో అమ్మకానికి పెట్టింది. వుడ్స్‌మన్ అన్న పేరు 1927లో వచ్చింది. సన్నని బారెల్, చేతిలో ఒదిగే పిడి, పది తూటాల మ్యాగజైన్. 1977 దాకా తయారైందంటే ఆ అందం అలాంటిది. అయితే ఆ రోజుల తూటాల్లోని రసాయనం బారెల్‌లో ఉప్పు మిగిల్చేది. సాయంత్రం శుభ్రం చేయకపోతే తుప్పే. 1920ల చివర తుప్పు పట్టించని తూటాలు వచ్చాక ఆ బాధ తీరింది. తర్వాత వేగం పెంచిన తూటాలు వస్తే పాత వుడ్స్‌మన్ తట్టుకోలేదు. కోల్ట్ దాని వెనకభాగాన్ని గట్టిపరచాల్సి వచ్చింది. పాత పిస్టల్ కొనేవారు ఏ కాలం తూటాకు చేసినదో చూసుకోవాలనడానికి కారణం ఇదే.

ఒలింపిక్స్‌లో పాయింట్ టూటూ పిస్టల్‌కు గౌరవం తెచ్చినవారిలో హంగేరీ సైనికుడు కారోలీ తకాచ్‌ను మించినవారు నాకు కనిపించరు. 1938లో గ్రెనేడ్ పేలి కుడిచెయ్యి పోయింది. ఎడమచేత్తో మొదటినుంచి నేర్చుకుని 1948లో 580 పాయింట్ల ప్రపంచ రికార్డుతో స్వర్ణం, 1952లో మరో స్వర్ణం గెలిచాడు.

సామాన్యుడి చేతికి మంచి గురి పిస్టల్ అందింది 1949లో. కనెక్టికట్‌లో విలియం రూగర్, అలెగ్జాండర్ స్టర్మ్ కలిసి 50 వేల డాలర్లతో కంపెనీ పెట్టారు. రెండు ఉక్కు రేకులు అచ్చుకొట్టి అతికించి పిడి చేశారు. బారెల్, దాని వెనక గొట్టం కదలకుండా ఒక్కటిగా ఉండి గురి చెదరదు. ధర ముప్పైఏడున్నర డాలర్లు. స్టర్మ్ 1951లో పోయాడు. ఆయన గుర్తుగా పిడి మీది ఎర్ర గద్ద ముద్రను రూగర్ నల్లగా మార్చాడు. ఆ పిస్టల్‌ను విప్పడం తేలిక, బిగించడం పరీక్ష. మూతి ఎటు వంచాలో తెలిసి, హామర్ వెనక సన్నని ఊచ స్ప్రింగ్ కొనమీద కూర్చుంటేనే వెనక పలక మూతపడుతుంది. 2016లో వచ్చిన మార్క్ 4లో వెనక ఒక బొత్తాం నొక్కితే చాలు, పిడి కిందికి వాలుతుంది. అరవై ఏడేళ్లు పట్టింది!

మన దగ్గర 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేనిదే పాయింట్ టూటూ పిస్టల్ చేతికి రాదు. సరదా గురి ఇక్కడ వ్యాపించలేదు, క్రీడగానే పెరిగింది. విజయ్ కుమార్ 2012 లండన్‌లో 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్‌లో రజతం తెచ్చాడు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం గెలిచింది. రెండూ పాయింట్ టూటూ తూటాతోనే.

అమెరికాలో ఉండి చట్టప్రకారం కొనుక్కోగలిగిన మనవాళ్లు ఎవరైనా అడిగితే నేను చెప్పేది సూటిగానే ఉంటుంది. పెద్ద పిస్టళ్ల రూపం తెచ్చిపెట్టుకున్న తేలికపాటి ప్లాస్టిక్ రకాల జోలికి వెళ్లొద్దు. బరువుగా, కనీసం ఐదంగుళాల బారెల్‌తో, గురిని సరిచేసుకునే వీలున్న పిస్టల్ తీసుకోండి. రివాల్వర్ అయితే ఏ వేగం తూటా అయినా తింటుంది. కాకపోతే అంచును గట్టిగా కొట్టాలి కాబట్టి హామర్ ఎత్తకుండా కాలిస్తే ట్రిగ్గర్ బరువు. ఆటోమేటిక్‌కు తూటా విషయంలో పేచీ ఉంటుంది. మూడు నాలుగు రకాలు కాల్చి, ఏది అడ్డం తిరగకుండా వెళ్తుందో చూశాకే పెట్టె కొనాలి. తూటా పేలకపోతే మూతిని లక్ష్యం వైపే ఉంచి అర నిమిషం ఆగాలి. రిమ్‌ఫైర్‌లో అలాంటివి ఎక్కువ. చెవులకు మూతలు, కళ్లకు అద్దాలు పిస్టల్‌తో పాటే కొనండి.