ఎడమ వైపు నిలబెట్టిన మేక



పోయిన నెల నేనొక తప్పు చేశాను. మందిరం ఆవరణలో మనం నాటిన మొక్కలను ఒక అవ్వ మేక కొరికేసింది. ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురి ముందే ఆమెను గద్దించాను. "మేకను కట్టేసుకోలేవా అవ్వా?" అన్నాను. ఆమె తల వంచుకుని, "మేకలు ఎడమ వైపు అని మీరే చెప్తారు కదా అయ్యగారూ, దానికి ఈడ చోటెక్కడిది!" అని వెళ్ళిపోయింది.

మత్తయి 25వ అధ్యాయం మీద ఎన్నోసార్లు ప్రసంగించాను. గొర్రెలు కుడి వైపు, మేకలు ఎడమ వైపు. మేక పాలతో బతికే ఇంట్లో ఆ మాట ఎలా వినబడుతుందో ఒక్కసారైనా ఆలోచించలేదు. అందుకే ఈ వారం మేక చరిత్ర చదివాను.

మనిషి మేకను మచ్చిక చేసుకుని సుమారు పదివేల ఏళ్ళయింది. ఇరాన్ దేశపు జాగ్రోస్ కొండల్లో ఆ ఆనవాళ్ళు దొరికాయి. మన బైబిల్లోనూ మేక లేని ఇల్లు లేదు. ప్రత్యక్ష గుడారం మీద కప్పింది మేక వెంట్రుకల తెరలు (నిర్గమ 26). పస్కా పిల్లను గొర్రెలలో నుండైనా మేకలలో నుండైనా తీసుకోవచ్చు (నిర్గమ 12). సామెతలు 27 చివర చూడండి. మేకపాలు యజమాని ఇంటికే కాదు, పనికత్తెల జీవనానికి కూడా సరిపోతాయని ఉంది. బీదవారిని మరచిపోని పాలు అవి.

ఆగ్రా, అలీగఢ్ వైపు బర్బరీ అనే పొట్టి మేకలున్నాయి. ఇంటి దగ్గరే కట్టేసి మేపుతారు. అమెరికాలో చిన్న పెరళ్ళలో పాల కోసం పెంచే పొట్టి మేకల మూలం పశ్చిమ ఆఫ్రికా. మన కొత్తచెరువు వైపు జాతి పేరు ఎవరడుగుతారు? నల్ల మేక, చుక్కల మేక, అంతే. గేదెకు కావలసినంత మేత, నీళ్ళు దానికి అక్కరలేదు. తుమ్మకాయలు, జమ్మి ఆకు, కాస్త వేరుశనగ కట్టె ఉంటే చాలు. చూలు ఐదు నెలలే, తరచుగా రెండు పిల్లలు. పొదుగుకు రెండే చన్నులు కాబట్టి ముసలి చేతులు కూడా పిండగలవు. ఆ పాలలో వెన్న రేణువులు సన్నగా ఉండి తేలికగా అరుగుతాయి.

గాంధీగారి సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1912లో ఆయన పాలు మానేశారు. 1918లో జిగట విరేచనాలతో మంచాన పడ్డారు. పాలు తాగకపోతే కోలుకోరని డాక్టరు చెబితే, ఒట్టు ఆవుపాలు, గేదెపాల గురించే కదా, మేకపాలు తాగవచ్చు కదా అని కస్తూర్బా అన్నారు. ఆయన ఒప్పుకున్నారు. అయితే ఒట్టులోని మాటను నిలబెట్టుకుని దాని ఆత్మను పోగొట్టుకున్నానని తరువాత తానే రాసుకున్నారు.

మేకలో దోషమే లేదని నేను అనను. మాల్టా దీవిలో సైనికులను పీడించిన జ్వరం పచ్చి మేకపాల వల్లే వస్తోందని 1905లో బయటపడింది. కాబట్టి పాలు బాగా కాచి తాగండి. ఏడాది నిండని బిడ్డకు తల్లిపాల బదులు మేకపాలు పట్టకండి.

ఇక మన నేల సంగతి. 1876–78 ధాత కరువు నాటికి మన ప్రాంతం బళ్ళారి జిల్లాలో ఉండేది. అనంతపురం జిల్లా 1882లో ఏర్పడింది. మద్రాసు అటవీ చట్టం వచ్చింది కూడా ఆ ఏడాదే. తరతరాలుగా మేపుకున్న కొండలకు హద్దురాళ్ళు పడ్డాయి, మేతకు పుల్లరి కట్టమన్నారు. పల్నాడులో ఆ పుల్లరికి ఎదురు నిలిచిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో చనిపోయారు.

మేక మీద నింద మాత్రం పోలేదు. అడవులను తినేసేది మేకే, ఎడారిని తెచ్చేది మేకే అన్నారు. చివరికి కేంద్ర ప్రభుత్వం సి.హెచ్. హనుమంతరావుగారి అధ్యక్షతన ఒక బృందాన్ని వేసింది. ఆ నింద మోపడానికి తగిన ఆధారం లేదని 1987లో ఆ బృందం తేల్చింది. చెట్లు నరికింది మనుషులు. మిగిలిన ముళ్ళకంప తిని బతికింది మేక.

లేవీయకాండము 16లో ప్రజల పాపాలన్నీ ఒక మేక తల మీద మోపి అరణ్యంలోకి పంపేస్తారు. ఆ పాపాల్లో మేక చేసింది ఒక్కటీ లేదు. ఇది చదువుతుంటే మన ఆవరణ గేటు గుర్తుకొచ్చింది. దాని గడియ మూడు నెలలుగా విరిగి ఉంది. బాగు చేయించవలసింది నేను.

మర్నాడు అవ్వ ఇంటికి వెళ్ళాను. కూతురు బెంగళూరులో కూలిపనికి పోతే, నాలుగేళ్ళ మనవడిని ఈమే సాకుతోంది. అవ్వ మేక వెనక కాలు మోకాళ్ళ మధ్య ఒత్తిపట్టి చెంబులోకి పాలు పిండుతోంది. "తప్పు నాది అవ్వా, క్షమించు" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. పాలు కాచి పిల్లవాడికి ఒక గ్లాసు, నాకు ఒక గ్లాసు పోసింది.

ఎడమ వైపు నిలబడినవారు ఆకలిగొన్నవారికి పెట్టనివారు. ప్రభువు అక్కడ తీర్పు తీర్చింది మనుషులకే గాని పశువుకు కాదు. కరువు సీమలో పిల్లల కడుపు నింపిన ఆ మూగజీవం ఏ వైపుదో నాకు తెలియదు. ఆ ఆదివారం నేను ఏ వైపు నిలబడ్డానో మాత్రం తెలుసు. నలుగురి ముందు గద్దించాను కాబట్టి, మీ అందరి ముందే ఒప్పుకుంటున్నాను.

గేటుకు కొత్త గడియ పెట్టించాను. మీ ఇంట్లో, మీ వీధిలో ఎవరి తప్పు ఎవరి తల మీద మోపారో ఈ వారం పరీక్షించుకోండి.

ప్రభువా, మా దోషాన్ని బలహీనుల మీద మోపకుండా మమ్మును కాపాడుము. ఆమేన్.