‘మిస్సింగు’ – పెట్రోలు ఇంజను తడబాటుకు ఒక చిన్న చరిత్ర

మా పూండి, పలాస, టెక్కలి ప్రాంతాలలో బండ్లు నడిపేవారి నోట ‘మిస్సింగు’ అన్న మాట తరచు వినబడుతుంది. సాఫీగా తిరుగుతున్న ఇంజను ఉన్నట్టుండి ఒక్క అడుగు తడబడి, మళ్ళీ తనంత తానే సర్దుకోవడాన్ని అలా అంటారు. ‘బండి మిస్సు కొడతంది’ అన్నది వాడుక. ఏదో ఒక సిలిండరు తన వంతు వచ్చినప్పుడు మండకుండా ఊరుకున్నదని దాని అర్థం. ఎడతెగకుండా ఉండే మిస్సింగును పట్టుకోవడం పెద్ద విద్య కాదు. వచ్చి పోయే మిస్సింగే మేస్త్రీలకు అసలైన పరీక్ష. వైద్యుని ఎదుటికి రాగానే దిగిపోయే చలిజ్వరం వలె, షెడ్డు ముందు ఆపగానే అది మాయమవుతుంది.

ఈ జబ్బును కనిపెట్టే విద్యకు వందేళ్ళకు పైబడిన చరిత్ర ఉన్నది. ఆ కాలంలో పనిముట్లు ఎంత మారినా, మొదట అడగవలసిన ప్రశ్న మాత్రం మారలేదని నా అభిప్రాయం. దానిని నిరూపించడానికే ఈ టపా.

పెట్రోలు ఇంజను మండడానికి మూడు కావాలి: గాలితో తగుపాళ్ళలో కలిసిన పెట్రోలు, ఆ మిశ్రమాన్ని అదిమిపెట్టే ఒత్తిడి, సరియైన క్షణంలో ఒక నిప్పురవ్వ. నిమిషానికి 3000 చుట్లు తిరిగే నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఒక్కొక్క సిలిండరు సెకనుకు 25 సార్లు మండాలి. వాటిలో ఒక్కటి తప్పినా, అలవాటుపడిన డ్రైవరుకు పాదం కింద తెలుస్తుంది.

ఈ మూడింటిలోనూ తొలినుండి ఎక్కువ బాధపెట్టినది నిప్పురవ్వే. డైమ్లర్ తొలి ఇంజనులలో ఎర్రగా కాలిన గొట్టమే మిశ్రమాన్ని అంటించేది. 1897లో రాబర్ట్ బాష్ సంస్థ మాగ్నెటోను మోటారు బండికి అమర్చింది. 1902లో ఆ సంస్థ ఇంజనీరు గాట్లాబ్ హోనోల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన స్పార్కు ప్లగ్గును సిద్ధం చేశాడు. తరువాత అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన బ్యాటరీ, కాయిలు పద్ధతి 1912 నమూనా క్యాడిలాక్ కార్లలో వచ్చింది. పాయింట్లు తెరుచుకోగానే కాయిలులో పుట్టే వేల వోల్టులను డిస్ట్రిబ్యూటరు ఒక్కొక్క ప్లగ్గుకు పంచిపెట్టే ఏర్పాటు ఇది. సుమారు అరవై ఏళ్ళపాటు లోకంలోని పెట్రోలు కార్లలో అధికభాగం ఈ పద్ధతి మీదే నడిచాయి. 1950ల చివరినుండి 2014 వరకు ఉత్తరపారాలో తయారైన అంబాసిడరు కూడా, పెట్రోలు రూపంలో, చాలాకాలం ఈ సంప్రదాయానికి చెందినదే.

ఆ అంబాసిడర్లు మద్రాసు–కలకత్తా రోడ్డు మీద, అంటే ఒకప్పటి 5వ, 2010 తరువాత 16వ నంబరు జాతీయ రహదారి మీద, మా ఉద్దానం ప్రజలకు టాక్సీలు. 2005లో 108 అంబులెన్సులు రాకముందు, రాత్రివేళ ఊళ్ళో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే ఆ టాక్సీయే దిక్కు. విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రి ఇక్కడికి రెండు వందల కిలోమీటర్లకు దగ్గర. వెనుక సీటులో నొప్పులు పడుతున్న మనిషి ఉండగా, నడిరేయి దారిలో బండి మిస్సు కొట్టడమంటే ఏమిటో ఊహించుకోవచ్చు. అందువల్ల ఈ జబ్బును తేలికగా తీసుకునే మేస్త్రీ ఆ రోడ్డు మీద నిలవలేడు.

కాశీబుగ్గలోనూ టెక్కలిలోనూ పాతతరం మేస్త్రీలు బానెట్టు ఎత్తకముందే అడిగే మాట ఒకటి ఉండేది. “ఎప్పుడు కొడతంది బావూ? సల్లగున్నప్పుడా, ఏడెక్కినాకా? ఎత్తుమీదా, పల్లంలోనా?” డ్రైవరు చెప్పే జవాబులోనే సగం రోగనిర్ణయం ఉండేది.

మంచు తెల్లవారుజామున గాని, వాన వెలిసిన తరువాత గాని కొడితే, అనుమానం డిస్ట్రిబ్యూటరు మూత మీదికి, ప్లగ్గు వైర్ల మీదికి పోతుంది. మాది సముద్రపు గాలి. ఉప్పు చెమ్మ మూత లోపల పేరుకుంటే, విద్యుత్తు ప్లగ్గు దాకా పోకుండా ఆ చెమ్మ దారినే పారిపోతుంది. కొన్నాళ్ళకు అక్కడ సన్నని నల్ల గీత పడుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే ఆ పూటకు నయం, గీత పడితే మూత మార్చాలి.

బాగా వేడెక్కిన తరువాత కొడితే కండెన్సరునో కాయిలునో చూడాలి. కాయిలు లోపలి సన్నతీగ వేడికి సాగి తెగి, చల్లారగానే మళ్ళీ అతుక్కునే సందర్భాలున్నాయి. మండువేసవిలో పెట్రోలే గొట్టంలో ఆవిరై ఇంజనుకు అందకపోవచ్చు. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ చుట్టుకొని సాగిన టాక్సీలను చూసినవారు మనలో చాలామంది ఉంటారు. గతుకులలో మాత్రమే కొడితే ఎక్కడో ఒక వైరు వదులు. యాక్సిలరేటరు ఒకానొక స్థానంలో ఉన్నప్పుడే కొడితే కార్బురేటరు జెట్టులో నలుసు.

ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే కొట్టే మిస్సింగు వీటన్నిటికన్నా చిక్కైనది. బరువు పెరిగి యాక్సిలరేటరు తొక్కినప్పుడు సిలిండరులో మిశ్రమం మరింత అదిమి ఉంటుంది. ఆ ఒత్తిడిలో ప్లగ్గు మొనల మధ్య నిప్పు దూకాలంటే ఇంకా ఎక్కువ వోల్టేజి కావాలి. విద్యుత్తు ఎప్పుడూ సులువైన దారినే వెదుకుతుంది. వైరు తొడుగులో బీట ఉంటే ప్లగ్గులో దూకడం మాని ఆ బీటలోంచి ఇంజను ఇనుములోకి దూకుతుంది. సమరోడ్డు మీద ఆరోగ్యంగా కనిపించే ఇంజను ఘాటు మీద తడబడేది అందుకే.

దీనికి పాతవారి చికిత్స చీకటి. దీపాలన్నీ ఆర్పి, ఇంజను తిరుగుతుండగా బానెట్టు ఎత్తితే, కారిపోయే విద్యుత్తు నీలి దారం వలె కనబడుతుంది. ఆ తరువాత ప్లగ్గులు విప్పి రంగు చూసేవారు. వేయించిన జీడిపప్పు పైపొర రంగులో ఉంటే మండడం సరిగా ఉన్నట్టు. నల్లటి మసి పడితే పెట్రోలు ఎక్కువ, తెల్లగా పాలిపోతే తక్కువ. ఒక్క ప్లగ్గు మాత్రమే పెట్రోలుతో తడిసి ఉంటే దోషి ఆ సిలిండరే. మా పలాస పేరు చెప్పగానే జీడిపప్పు గుర్తుకు వస్తుంది గదా! ఆ జీడి పెంకునుండి తీసే నూనె బ్రేకు లైనింగులలోనూ, విద్యుత్తు కారకుండా తీగచుట్టలకు పూసే వార్నిషులలోనూ ఉపయోగపడుతుందని చాలామందికి తెలియదు.

ఇంతవరకు టాక్సీల సంగతి. బండిలోనే కాపురం పెట్టినప్పుడు ఈ జబ్బు ఇంకొంత ప్రమాదకరమవుతుంది. తెలుగువారికి అటువంటి బండిని పరిచయం చేసినది 1982లో ఎన్.టి. రామారావు ఎక్కిన చైతన్యరథం. పాత షెవర్లే బండిని మార్పించి, కుమారుడు హరికృష్ణ నడుపగా, అందులోనే విశ్రమిస్తూ ఆయన రాష్ట్రమంతా తిరిగారు. మన దేశంలో మోటారు ఇళ్ళు ఈనాటికీ అరుదే. అమెరికాలో మాత్రం మనవారు పిల్లాపాపలతో అందులో విహారాలకు పోవడం మామూలైపోయింది. అక్కడి మోటారు ఇళ్ళలో పెట్రోలు ఇంజనులవి చాలా ఉన్నాయి.

మోటారు ఇల్లు బరువైనది, గాలికి అడ్డంగా నిలిచే గోడ వంటిది. దాని ఇంజను నిత్యమూ ఎత్తు ఎక్కుతున్నట్టే శ్రమిస్తుంది. పైగా చాలా బండ్లలో ఇంజను డ్రైవరు పక్కన ఒక మూత కింద ఇరుక్కొని ఉంటుంది. అక్కడ వేడి ఎక్కువ, చేతికి చోటు తక్కువ. మండని పెట్రోలు పొగగొట్టంలోని ఉత్ప్రేరకంలోకి పోయి అక్కడ మండితే, ఆ డబ్బా ఎర్రగా కాలుతుంది. దాని పైన ఉండేది పడకలూ, గ్యాసు పొయ్యీ, నిద్రపోతున్న పిల్లలూ.

పూండిలో నాతో చదువుకున్న మిత్రుడొకడు అమెరికాలో 1980ల నాటి ఎనిమిది సిలిండర్ల మోటారు ఇల్లు కొన్నాడు. అది అప్పుడప్పుడు మిస్సు కొట్టేది. అక్కడి షెడ్డువారు ప్లగ్గులు మార్చారు, పెట్రోలు ఫిల్టరు మార్చారు, చివరికి పంపు మార్చారు. బిల్లు పెరిగింది గాని జబ్బు పోలేదు. ఆ రోజులలో, ముప్ఫై ఏళ్ళు టెక్కలి రోడ్డు మీద టాక్సీ నడిపిన అతని తండ్రిగారు అక్కడికి వెళ్ళారు. నాలుగు రోజులు పక్క సీటులో కూర్చుని, “ఒరే, వాన ఎలిసిన మర్నాడే కదురా ఇది అలుగుతంది? అదీ ఎత్తుమీదే” అన్నారట. పెట్రోలు అందని జబ్బుకు వానతో పని లేదు, పైగా అది ఎత్తు ఎక్కేకొద్దీ ముదురుతుంది. ఇది తొక్కిన మరుక్షణమే కొడుతున్నది. ఆ రాత్రి దీపాలార్పి, ఇంజను మూత తీసి, మొక్కలకు నీళ్ళు చల్లే సీసాతో వైర్ల మీద సన్నగా చల్లి చూశారు. పొగగొట్టానికి ఆని కమిలిన ఒక వైరునుండి నీలి దారం కనబడింది. కొత్త వైర్లు వేసి, వేడికి దూరంగా కట్టారు. ఆ బండి మళ్ళీ అలగలేదు.

ఈలోగా లోకం మారింది. 1970లలో పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ జ్వలనం వచ్చింది. 1996 నుండి అమెరికాలో కార్లకు, తేలిక బండ్లకు ఓబీడీ-2 తప్పనిసరి అయింది. బరువైన బండ్లకు ఆ నిబంధనలు తరువాత వచ్చాయి. మన దేశంలో 2010లో తొలి దశ, 2013లో రెండవ దశ అమలయ్యాయి. ఒక సిలిండరు మండకపోతే క్రాంకు షాఫ్టు వేగం కణమాత్రం తగ్గుతుంది. కంప్యూటరు ఆ తగ్గుదలను లెక్కించి, ఏ సిలిండరో తేలితే పి0301, పి0302 వంటి అంకెలను, తేలకపోతే పి0300ను చూపుతుంది. ఉత్ప్రేరకం కాలిపోయే స్థాయికి చేరితే దీపం మినుకుమినుకుమంటుంది. అప్పుడు వేగం తగ్గించి బండిని పక్కకు తీయడమే వివేకం.

తప్పు జరిగిన క్షణంలో ఇంజను వేగమెంత, బరువెంత, నీటి వేడిమి ఎంత అన్నది కూడా ఆ కంప్యూటరు రాసి ఉంచుతుంది. గమనిస్తే ఇవి కాశీబుగ్గ మేస్త్రీ ప్రశ్నలే! అయితే నిన్న వాన పడిందా, పెట్రోలు ఎక్కడ పోయించారు, బండి ఎన్నాళ్ళు కదలకుండా నిలిచింది అని అది అడగదు. ఇథనాలు చెమ్మను పీల్చుకుంటుంది. అది కలిసిన పెట్రోలు వచ్చాక ఆ చివరి ప్రశ్నకు విలువ ఇంకా పెరిగింది. అంకెను చూసి వెంటనే సామాను మార్చడం ఖర్చుకు దారి. బండిలో ఒక చిన్న పుస్తకం ఉంచి, మిస్సింగు వచ్చిన ప్రతిసారీ వేళ, వాతావరణం, ఎత్తుపల్లాలు, ఇంజను వేడి రాసుకుంటే, పదో పేజీకి ముందే జబ్బు పేరు తెలియవచ్చు.

పాయింట్లు సరిచేయడం తెలిసినవారు మా రోడ్డు మీద ఇప్పుడు అరుదైపోతున్నారు. వారు అడిగే ప్రశ్నల వరస వారితో పోకూడదన్నదే నా కోరిక. మీ ప్రాంతాలలో ఈ జబ్బును ఏమని పిలుస్తారో, దానిని పట్టుకోవడానికి మేస్త్రీలు ఏమేమి ఉపాయాలు చేసేవారో తెలిసినవారు రాయగలరు.