కండబలం లెక్క తేల్చిన మన సుబ్బారావు గారు



సెంట్రల్ స్టేషన్‌కి ఎదురుగా ఉన్న పెద్దాసుపత్రినీ, మద్రాసు మెడికల్ కాలేజీనీ మనం ఎన్నిసార్లు దాటిపోయుంటాం! యల్లాప్రగడ సుబ్బారావు గారు ఆ కాలేజీలోనే చదివారు. తమిళ మీడియంలో చదివిన మాలాంటివాళ్ళకి స్కూల్లో ఈయన పేరు ఎవరూ చెప్పలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. ట్రిప్లికేన్ హిందూ హైస్కూల్లో, ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, తర్వాత ఎల్.ఎం.ఎస్. పట్టా తీసుకున్నారు. అటుపైన అమెరికా వెళ్ళి హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే గారి దగ్గర చేరారు.

అప్పట్లో కండ పనిచేయడానికి లాక్టిక్ ఆమ్లమే మూలం అనుకునేవారు. కండ మీద పరిశోధనకు హిల్, మేయర్‌హాఫ్ గార్లకు 1922 సంవత్సరపు నోబెల్ కూడా వచ్చింది. ఫిస్కే, సుబ్బారావు గార్లు 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఆ పద్ధతితోనే 1927లో కండలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని తేల్చారు. కండ పనిచేస్తే అది తరుగుతుంది, విశ్రాంతి ఇస్తే మళ్ళీ నిండుతుంది. 1929లో ఏటీపీని కూడా బయటపెట్టారు. అదే ఏడు జర్మనీలో లోమన్ గారు కూడా దాన్ని కనుక్కున్నారు. దాంతో పాత లెక్క మారిపోయింది.

ఈ కథ ఇప్పుడెందుకంటే, మన పెద్దలు చాలామంది "అప్పుడప్పుడు బలం తగ్గుతుంది, వయసయింది కదా" అని ఊరుకుంటారు. పని చేసి అలిసిపోవడం వేరు, చెయ్యి ఎత్తాలన్నా లేవకపోవడం వేరు. పొద్దున బాగుండి, సాయంత్రానికి కనురెప్ప వాలిపోయి, ఒకటి రెండుగా కనిపిస్తే అది మయస్థీనియా కావచ్చు. ఇందులో నరం ఇచ్చే సైగ కండకి సరిగా అందదు. 1934లో ఇంగ్లండులో మేరీ వాకర్ అనే డాక్టరమ్మ దీనికి మందు పనిచేస్తుందని చూపించారు. రక్తంలో పొటాషియం తగ్గినా, థైరాయిడ్ ఎక్కువైనా బలహీనత వచ్చి పోతుంటుంది. కొన్ని మందుల వల్ల కూడా రావచ్చు.

చిక్కేమిటంటే, డాక్టరు ముందు కూర్చునే వేళకి బలం తిరిగి వచ్చేసి ఉంటుంది. కాబట్టి ఆఫీసులో మేము రిజిస్టరు రాసినట్టు రాసిపెట్టండి. ఏ తేదీ, ఎన్ని గంటలకి, ఏ కండ, ఎంతసేపు, అంతకుముందు ఏం తిన్నారు, ఏ మందు వేసుకున్నారు, అన్నీ రాయండి. రెప్ప వాలినప్పుడు ఫోన్లో వీడియో తీయించుకోండి. రెండోసారి వచ్చిందంటే ఆ వారంలోనే డాక్టరుకి చూపించండి.

ఊపిరి ఆడకపోయినా, మింగడం కష్టమైనా, మాట ముద్దగా వచ్చినా, మూతి వంకరపోయినా, ఒక పక్క చెయ్యి కాలు పడిపోయినా, పాము కరిచిందన్న అనుమానమున్నా రిజిస్టరు పక్కన పెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి. కాసేపట్లో తగ్గిపోయినా సరే, ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

సుబ్బారావు గారు 1948లో, 53 ఏళ్ళకే పోయారు. ఆయన కొలిచి చూసి చెప్పిన మనిషి. మనం కూడా ఊహించుకుని కూర్చోకుండా, వెళ్ళి పరీక్ష చేయించుకుందాం.