అడిగి చేసే పరీక్ష



రక్తపరీక్ష మనకు కొత్త కాదు. షుగరుకు చేయించుకుంటాం, మలేరియాకు చేయించుకుంటాం. హెచ్.ఐ.వి. పరీక్ష అనేసరికి మాత్రం "నన్నెందుకు అడుగుతున్నారు?" అన్న శంక పుడుతుంది. ఈ శంకకు ఒక చరిత్ర ఉంది.

మన దేశంలో ఈ వైరస్ 1986లో మద్రాసులో బయటపడింది. డాక్టర్ సునీతి సోలొమన్, ఆమె విద్యార్థిని నిర్మల కలిసి సాగించిన పరిశోధనలో ఆ సంగతి తేలింది. రక్త నమూనాలు ఇచ్చినవారు పడుపు వృత్తిలో ఉన్న స్త్రీలు. దాంతో ఇది "అలాంటివారి జబ్బు" అన్న ముద్ర పడిపోయింది. 1989లో గోవాలో డొమినిక్ డిసౌజా అనే యువకుడు రక్తదానం చేశాడు. ఆ రక్తంలో వైరస్ కనిపించింది. పోలీసులు ఆయనను తీసుకువెళ్లారు. అక్కడి చట్టం ప్రకారం 64 రోజులు ఒంటరిగా నిర్బంధించారు. పరీక్ష వెనుక మందు లేదు, శిక్ష మాత్రం ఉంది. ఇక ఎవరు ముందుకు వస్తారు?

తర్వాత స్వచ్ఛంద పరీక్షా కేంద్రాలు వెలిశాయి. అయితే అక్కడికి వెళ్తుంటే ఎవరు చూస్తారోనన్న భయం పోలేదు. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఉచితంగా మందులు ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పటినుంచి పరీక్షకు అర్థం మారింది. అదే సంవత్సరం ఆఫ్రికాలోని బోట్స్వానా దేశం, ఆసుపత్రికి వచ్చిన వారందరికీ ఈ పరీక్ష చేస్తామని చెప్పే పద్ధతి చేపట్టింది. వద్దన్నవారికి చేయరు. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా, వ్యాధి బాగా వ్యాపించిన ప్రాంతాలకు ఇదే సలహా ఇచ్చింది. మన దేశంలో గర్భిణులకు, క్షయ రోగులకు ఈ పద్ధతి వచ్చింది. చికిత్స లేకపోతే తల్లినుంచి బిడ్డకు వైరస్ సోకే అవకాశం నూటికి 15 నుంచి 45 వరకు ఉంటుంది. మందులు వాడితే అది 5 కన్నా తగ్గుతుంది.

అందరినీ అడిగితే ఎవరినీ వేలెత్తి చూపినట్టు కాదు. ఈ పద్ధతిలోని మేలు అదే.

మన చంద్రపూర్ సంగతి చూడండి. ఆనాడు అధిక వ్యాప్తి ఉన్నవిగా గుర్తించిన ఆరు రాష్ట్రాలలో మహారాష్ట్ర ఒకటి, ఆంధ్రప్రదేశ్ ఒకటి. మనం ఆ రెండింటి నడుమ ఉన్నవాళ్లం. బొగ్గు గనులకు, బల్లార్పూర్ కాగితం మిల్లుకు పనికోసం వచ్చిన కుటుంబాలెన్నో ఇక్కడున్నాయి. రాజురా ప్రాంతమైతే 1956 వరకు ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. ఇంట్లో తెలుగు, ఆసుపత్రిలో మరాఠీ. మరాఠీలో అడిగినది అర్థంకాక ఒక గర్భిణి ఊరికే తల ఊపితే, అది ఒప్పుకోవడం అవుతుందా? కాదు. 2017లో చేసిన చట్టం మరుసటి ఏడాది సెప్టెంబరులో అమలుకు వచ్చింది. విషయం వివరించి, సమ్మతి తీసుకున్నాకే పరీక్ష చేయాలనీ, ఫలితం గుట్టుగా ఉంచాలనీ ఆ చట్టం చెబుతోంది. వివరించడమంటే అర్థమయ్యే భాషలో చెప్పడమే కదా!

కాబట్టి అమ్మలారా, అయ్యలారా, పరీక్ష చేస్తామంటే బెదరకండి. అర్థం కాకపోతే "తెలుగులో చెప్పండి" అని అడగండి. మరాఠీ వచ్చిన మన పిల్లలు చదువుకున్నవారే అయినా, ఇలాంటి రహస్యం వాళ్లచేత చెప్పించడం తగదు. ఆ పని కేంద్రంలోని సలహాదారు చూసుకోవాలి. తెలిసి ఒప్పుకున్న పరీక్షే మనిషిని మందు దాకా నడిపిస్తుంది.