నిరాశపరిచిన సీజన్ తర్వాత డ్రాఫ్ట్ విలువ: ఏ అంకెను ఎంత నమ్మాలి?

2018లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో చేరేనాటికి కామ్ రెడిష్ అమెరికా ఉన్నత పాఠశాలల బాస్కెట్‌బాల్‌లో తొలి ఐదుగురు ఆటగాళ్లలో ఒకడిగా పేరుపొందాడు. ఒక్క కళాశాల సీజన్‌తో ఆ పేరు మసకబారింది. మ్యాచ్‌కు సగటున 13.5 పాయింట్లు సాధించినా, వేసిన షాట్లలో సఫలమైనవి 35.6 శాతమే. అయినా 2019 డ్రాఫ్ట్‌లో అట్లాంటా హాక్స్ అతడిని 10వ స్థానంలో తీసుకుంది.

ఎన్‌బీఏ డ్రాఫ్ట్ ఐపీఎల్ వేలం వంటిది కాదు. ఇక్కడ ధర పాట ఉండదు. జట్లు వరుసక్రమంలో ఒక్కొక్కరిని ఎంచుకుంటాయి. తొలి రౌండ్‌లో ఎంపికైనవారి వేతనశ్రేణి స్థానాన్నిబట్టే ఖరారవుతుంది. మొదటి రెండేళ్లకు హామీ ఉంటుంది, తర్వాతి రెండేళ్లు జట్టు ఇష్టం. రెండో రౌండ్‌లో అటువంటి హామీ లేదు. కనుక ఒక చెడ్డ సీజన్‌ను ఎలా చదవాలన్నది జట్టుకూ ఆటగాడికీ కోట్ల డాలర్ల ప్రశ్న.

అన్ని అంకెలూ ఒకే బరువు మోయవు. త్రీ-పాయింట్ శాతం ఎక్కువగా ఊగిసలాడుతుంది. రెడిష్ ఆ సీజన్‌లో 260కి పైగా త్రీ-పాయింట్ షాట్లు వేసి మూడింట ఒక వంతు సఫలం చేశాడు. అన్ని ప్రయత్నాలు చూసినా గణాంకశాస్త్రం ప్రకారం అతడి అసలు సామర్థ్యం 28 నుంచి 39 శాతం వరకు ఎక్కడైనా ఉండవచ్చు. మొదటిది లీగ్‌లో నిలవనీయదు, రెండోది మేటి షూటర్ల సరసన నిలుపుతుంది. అందుకే పరిశీలకులు ఫ్రీ త్రోలను చూస్తారు. ఎవరూ అడ్డుకోని, దూరం మారని షాట్ అది. చేతివాటం ఎంత నికరమో అక్కడ తెలుస్తుంది. రెడిష్ అందులో సాధించిన 77 శాతం అతడిపై ఆశ మిగిల్చింది.

మరుసటి ఏడాది జార్జియా విశ్వవిద్యాలయంలో ఆంథనీ ఎడ్వర్డ్స్ కథా పైకి ఇలాగే కనిపించింది. త్రీ-పాయింట్లలో 29.4 శాతమే, ఫ్రీ త్రోలలో దాదాపు అదే 77 శాతం, జట్టుకు 16 గెలుపులు, 16 ఓటములు. తేడా బాస్కెట్‌కు దగ్గరలో ఉంది. త్రీ-పాయింట్ గీతకు లోపలి షాట్లలో ఎడ్వర్డ్స్ సగం వరకు సఫలం చేయగా, రెడిష్ 40 శాతాన్ని అందుకోలేదు. పైగా రెడిష్ పాయింట్లకు దారితీసిన పాస్‌ల కంటే బంతిని పోగొట్టుకున్న సందర్భాలే ఎక్కువ. ఒంటిపై మనిషి ఉండగా షాట్ ముగించలేకపోవడం, చిక్కులో నిర్ణయం తడబడటం అనేవి అదృష్టంతో మారే విషయాలు కావు. పై స్థాయిలో రక్షణ మరింత బిగుస్తుంది.

రెడిష్ పక్షాన తరచుగా వినిపించిన వాదన పాత్ర గురించినది. జయాన్ విలియమ్సన్, ఆర్‌జే బారెట్‌ల తర్వాతే అతడికి బంతి దక్కేది; వారిద్దరూ అదే డ్రాఫ్ట్‌లో 1, 3 స్థానాల్లో వెళ్లారు. వాదనలో నిజం లేకపోలేదు, కానీ అది రెండు వైపులా కోస్తుంది. ప్రత్యర్థుల దృష్టి ఆ ఇద్దరిపై ఉన్నప్పుడు మూడోవాడికి సులువైన అవకాశాలు రావాలి. ఎడ్వర్డ్స్‌కు ఆ వెసులుబాటు లేదు. బలహీన జట్టు భారమంతా మోస్తూ కష్టమైన షాట్లు వేయాల్సివచ్చింది. అలాంటివాడి తక్కువ శాతాన్ని కొంత మన్నించడం న్యాయం.

వయసునూ లెక్కలోకి తీసుకోవాలి. కళాశాల సీజన్ ఆడేనాటికి ఎడ్వర్డ్స్‌కు 18 ఏళ్లు, రెడిష్‌కు 19. ఈ దశలో ఒక్క ఏడాదీ చిన్న తేడా కాదు. కోలుకోవడానికి మరో ఏడాది కళాశాలలో ఉండాలనుకునే ఆటగాడు ఈ మూల్యం కూడా చెల్లిస్తాడు: మెరుగైన అంకెలు తెచ్చుకున్నా, వాటిని ఏడాది పెద్దవాడి అంకెలుగానే చూస్తారు.

2020లో మినెసోటా టింబర్‌వుల్వ్స్ ఎడ్వర్డ్స్‌ను మొదటి స్థానంలో ఎంచుకుంది. 2024-25లో అతడు 320 త్రీ-పాయింటర్లతో లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచాడు. కళాశాలలో 29.4 శాతం అని తీసిపారేసిన నైపుణ్యం అదే. రెడిష్ తొలి ఐదు ఎన్‌బీఏ సీజన్లలో నాలుగు జట్లకు ఆడాడు.