అట్లాంటిక్‌ను అయిదుసార్లు దాటిన లోహం

2009 జూన్. న్యూయార్క్ నుంచి వచ్చిన అయిదు సీసపు పెట్టెలు మాస్కోలో దిగాయి. కాగితాలు సరిగ్గా లేవన్నారు కస్టమ్స్ అధికారులు. పెట్టెలు తిరుగుటపా కట్టాయి. మళ్లీ వచ్చాయి, మళ్లీ వెనక్కే. మూడోసారికి గానీ గడప దాటలేదు.

వాటిలో ఉన్నది 22 మిల్లీగ్రాముల బెర్కీలియం అనే రేడియోధార్మిక లోహం. దాని తయారీకి అమెరికాలోని ఓక్ రిడ్జ్ రియాక్టర్‌లో 250 రోజులు, శుద్ధికి మరో 90 రోజులు పట్టాయి. సుమారు 330 రోజులకు అది సగమైపోతుంది. కస్టమ్స్ గిడ్డంగిలో గడిచే ప్రతి రోజూ నష్టమే.

బెర్కీలియంతో 117వ మూలకాన్ని పుట్టించే ఉమ్మడి పనికి పునాది పడింది 2008లో, టెన్నెసీ రాష్ట్రంలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో. ఆచార్యుడు జో హామిల్టన్ అధ్యాపక జీవితానికి 50 ఏళ్లు నిండిన సభ అది. రష్యాలోని దుబ్నా నుంచి వచ్చిన అణు శాస్త్రవేత్త యూరి ఒగనెస్యాన్‌కు ఓక్ రిడ్జ్ వారిని అక్కడే పరిచయం చేశారాయన.

2009 జూలై చివర్లో దుబ్నాలో ప్రయోగం మొదలైంది. పల్చటి టైటానియం రేకు మీద పూసిన బెర్కీలియంపై కాల్షియం కేంద్రకాలను నెలల తరబడి గుప్పించారు. బెర్కీలియం పరమాణు సంఖ్య 97కు కాల్షియం 20 కలిస్తే 117. పుట్టిన పరమాణువును ఎవరూ కళ్లారా చూడలేదు. అది ఆల్ఫా కణాన్ని వదిలి 115గా, మరొకటి వదిలి 113గా మారుతుంటే ఆ జాడలే డిటెక్టర్‌లో పడ్డాయి. దొరికినవి ఆరంటే ఆరు పరమాణువులు.

2010 ఏప్రిల్‌లో వెలువడిన పరిశోధన పత్రంలో 30 మందికి పైగా రచయితలు. వారిలో హామిల్టన్ సహచరుడు, వాండర్‌బిల్ట్ ఆచార్యుడు ఎ.వి. రామయ్య ఒకరు. ఇంటిపేరు ఆకునూరి.

కొత్త మూలకానికి పేరు సూచించే హక్కు కనుగొన్నవారిదే. 2016 నవంబర్ 28న 117కు టెన్నెసీ రాష్ట్రం మీదుగా టెన్నెసీన్ పేరు ఖాయమైంది. అదే రోజు 115 మాస్కోవియం, 113 నిహోనియం, 118 ఒగనెస్సాన్ అయ్యాయి.

ఊరి పేరు పెట్టుకున్న మూలకం ఒకటి మన హైదరాబాద్‌లోనూ కనిపిస్తుంది. నాచారానికి దగ్గర్లోనే ఉన్న న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో జిర్కోనియం నుంచి హాఫ్నియాన్ని వేరుచేస్తారు. ఆ హాఫ్నియానిది కోపెన్‌హాగన్ లాటిన్ పేరు. పట్టికలో ఇలా ఎన్నో ఊళ్లు, దేశాలు ఉన్నాయి. భారతదేశం పేరు మాత్రం ఇంకా లేదు.

ఉప్పల్, నాచారం బడుల్లో సైన్సు చెప్పే మాస్టార్లకు ఒక్క మనవి. పట్టికలో 117వ గడి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. దాన్ని కనుగొన్నవారిలో ఒక తెలుగు ఇంటిపేరు ఉందని పిల్లలకు చెప్పండి.