మరల అర్జీ

దక్షిణాఫ్రికా యూనియను ప్రభుత్వము 1928లో వృద్ధాప్య పింఛనుల శాసనమును గావించినపుడు, ఆ శాసనకర్తల దృష్టిలో వార్ధక్యము తెల్లవారికిని, ‘కలర్డ్’ అని వ్యవహరింపబడు మిశ్రజాతీయులకును మాత్రమే సంభవించునది. ఆఫ్రికనులును, భారతీయులును ముసలివారు కారు కాబోలు! 1860 మొదలు మద్రాసు రేవున ఓడ యెక్కి నటాలు చెరకుతోటలకు పోయిన తెలుగు కూలీల సంతతియు ఆ వెలియైనవారిలో నుండెను. గడువులతోడి బ్రదుకు వారికి క్రొత్తగాదు. ఐదేండ్ల గిరిమిటి, అనగా కూలి ఒడంబడిక, ముగిసినవారు స్వదేశమునకు మరలవలెననియు, కాదేని తిరిగి గిరిమిటి వ్రాయవలెననియు, రెండును ఒల్లనిచో ఏటేట మూడు పౌనులు చెల్లించి అచట నిలుచుటకు అనుమతి పొందవలెననియు 1895లో నటాలు శాసించెను. ఆ పన్ను 1914లోగాని తొలగలేదు. పింఛను భారతీయులకును, ఆఫ్రికనులకును 1944లో విస్తరించినను, మొత్తములు మాత్రము జాతిని బట్టి హెచ్చుతగ్గులుగ నుండెను. ఆ తారతమ్యము పోవుటకు 1993 వఱకు పట్టినది.

అందఱికిని సమానముగ పింఛను దక్కిన పిమ్మటనే, ప్రభుత్వ సహాయమును మరల మరల అడుగవలసిన దుర్గతి కొందఱికి ప్రాప్తించుట విచిత్రము. 1994లో ట్రాన్స్‌కై, సిస్కై అను, వర్ణవివక్ష దొరతనము ఆఫ్రికనులకై వేఱుపఱచిన రెండు ‘స్వదేశముల’ను, పాత కేప్ రాష్ట్రపు తూర్పుభాగమును కలిపి ఈస్టర్న్ కేప్ రాష్ట్రము నేర్పఱచిరి. మూడు దొరతనముల చిట్టాలు ఒక్కచోట వచ్చి పడినవి. చనిపోయినవారి పేరను, పుట్టనివారి పేరను ధనము పోవుచున్నదను అనుమానము బలపడినది. అంతట రాష్ట్రపు సంక్షేమశాఖ, ఎవరు అర్హులో తాను విచారించి తేల్చుటకు మాఱుగ, వేలకొలది వికలాంగుల గ్రాంటులను ముందుగ తెలుపకయే నిలిపి, కావలసినవారు మరల అర్జీ పెట్టుకొనుడనెను. చిట్టా దొరతనమువారిది, దానిని దిద్దు ప్రయాస మాత్రము కాలు కదపలేనివారిది. ఒక్కొక్కరు న్యాయస్థానమున కెక్కిన కొలది ప్రభుత్వము ఆ యొక్కరికి మాత్రము చెల్లించి ఊరకుండుచుండెను గనుక, బాధితులందఱి పక్షమున ఉమ్మడి వ్యాజ్యము వేయబడెను. 2000లో గ్రేహామ్స్‌టౌన్ న్యాయస్థానము దానిని అనుమతింపగా, 2001లో అప్పీలు న్యాయస్థానమున న్యాయమూర్తి ఎడ్విన్ కామెరాన్ ఆ తీర్పును నిలిపెను. నూతన రాజ్యాంగము ననుసరించి నడచిన తొలి ఉమ్మడి వ్యాజ్యములలో నిది యొకటి.

గడువు లన్నియు అన్యాయములని నా అభిప్రాయము గాదు. వృద్ధాప్య పింఛనుకు గడువు లేదు. అప్పుడప్పుడు ఆదాయము విచారింతురు, అంతే. పెంపుడుబిడ్డ నిమిత్తమిచ్చు గ్రాంటు న్యాయస్థానపు ఉత్తరువు తీరిన నాటితో ఆగును. వైద్యుడు ఆఱు మాసములకు తక్కువగాక, సంవత్సరమునకు మించక అశక్తుడని తేల్చినవానికి తాత్కాలిక గ్రాంటు వచ్చును; అది తీరిన పిదప క్రొత్త వైద్యపరీక్షతో మరల అర్జీ తప్పదు. కోవిడ్ మహమ్మారి కాలమున పొడిగింపబడిన అట్టి గ్రాంటులు 2 లక్షలకు పైబడి 2020 డిసెంబరు చివర ఒక్కమాఱుగ ముగియుటచే, జనవరిలో కార్యాలయముల ముందు బారులు తీరినవి. కేప్‌టౌన్ చెంత బెల్‌విల్‌లో, ఎడము పాటింపలేదని, ఆ వరుసపై పోలీసులు నీటిఫిరంగి ప్రయోగించిరి. నిలువలేమని రుజువు పఱచుటకు వచ్చి రాత్రియెల్ల నిలిచియున్నవారు అందుండిరి.

2020 మేలో నిరుద్యోగుల కని ఆరంభించిన 350 రాండ్ల సహాయము 2022 ఏప్రిలులో క్రొత్త నిబంధనల క్రిందికి వచ్చెను. అంతవఱకు పైకము పుచ్చుకొన్నవారు సైతము పేరు మొదలుకొని వివరము లన్నియు మరల సమర్పింపవలసి వచ్చెను.